జెప్లినా, పర్పులా, ఫ్లాయిడా, క్వీనా? పదిహేను రోజుల సెలవుల్లో పాత రాక్ మొదలుపెట్టేవాళ్లకు

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. సెమ్ ఎగ్జామ్స్ అయిపోయిన సాయంత్రం కూకట్‌పల్లి హాస్టల్ నుంచి సరాసరి మా ఇంటికి వచ్చాడు. ఒంటి మీద నల్ల టీషర్టు, దాని మీద గాజు పట్టకం, ఒక పక్క నుంచి తెల్ల గీత లోపలికి పోయి రెండో పక్క నుంచి రంగులై బయటికొస్తోంది. కోఠీలో ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నాడట. ఎవరిదిరా ఆ బొమ్మ అంటే "తెల్వదు మామా, డిజైన్ మంచిగుంది" అన్నాడు. నేను నవ్వలేదు. నవ్వే హక్కు నాకు లేదు కూడా, ఎందుకంటే ఐరన్ మెయిడెన్ పాట ఒక్కటీ వినకముందే ఆ పుర్రె మొహం స్టిక్కర్ కొని సైకిల్ మడ్‌గార్డ్‌కి అంటించుకుని ఊరంతా తిరిగినవాణ్ణి.

టీ తాగుతూ వాడే అడిగాడు. "పదిహేను రోజులు సెలవులు మామా. పాత రాక్ అంటే ఏందో చూద్దామనుకుంటున్న. ఒక్క బ్యాండ్ చెప్పు, అన్నీ చెప్పకు."

ఒక్కటి చెప్పమంటేనే కష్టం. ఇరవై చెప్పమంటే ఎవరైనా చెప్తారు. ఎక్కడ చూసినా ఉండే "ఎప్పటికీ గొప్ప వంద ఆల్బమ్‌లు" లాంటి జాబితాలు చూసి మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను, మూడో రోజుకే మళ్లీ రీల్స్‌లోకి వెళ్లిపోతారు. ఆ జాబితాలు రాసినవాళ్ల చెవి వేరు, మన చెవి వేరు. బోనాలకు, వినాయక నిమజ్జనానికి తీన్మార్ విని, పాతబస్తీ పెళ్లిళ్లలో మర్ఫా విని, నాన్న కారులో ఇళయరాజా బేస్ గిటార్ విని పెరిగినవాడి చెవి ఖాళీ పలక కాదు. అందులో అప్పటికే బోలెడంత సంగీతం ఉంది. దానికి దగ్గరగా ఉన్న బ్యాండ్‌తో మొదలుపెడితే నిలబడతారు, గొప్పదనే మొహమాటంతో మొదలుపెడితే నిలబడరు. వాడికి చెప్పింది ఇదే, ఇక్కడ రాస్తున్నదీ ఇదే.

ముందే ఒక మాట. బీటిల్స్‌ని, రోలింగ్ స్టోన్స్‌ని ఈ పోలికలోకి తేవడం లేదు. వాళ్లు గొప్పవాళ్లు కాదని కాదు, కానీ డిస్టార్షన్ (కావాలని బొంగురుగా పలికించే) గిటార్ మోత కోసం వచ్చినవాడికి మొదటి వారమే బీటిల్స్ పెడితే "ఇది రాకా?" అంటాడు, ఆ తర్వాత మన మాట వినడు. వాళ్ల దగ్గరికి రెండో ఏడాది వెళ్లొచ్చు.

జెప్లినా, పర్పులా

మా రోజుల్లో సికింద్రాబాద్‌లో లెడ్ జెప్లిన్ గొప్పా, డీప్ పర్పుల్ గొప్పా అని స్నేహాలు చెడిపోయేవి. ఇద్దరూ ఇంగ్లండ్ వాళ్లే, ఇద్దరూ 1968లోనే మొదలైనవాళ్లు, ఇద్దరికీ అరిచే గాయకుడు, మంత్రం వేసినట్టు వాయించే గిటారిస్టు ఉన్నారు. పైకి ఒకలాగే కనిపిస్తారు, వినడం మొదలుపెట్టాక చాలా తేడా.

లెడ్ జెప్లిన్ గుండె డ్రమ్స్. గిటారు కాదు, గాయకుడు కాదు. జాన్ బోనమ్ దెబ్బ కొట్టినప్పుడు ఆ శబ్దం గదిలో తిరిగి మన ఛాతీకి తగులుతుంది. 1971లో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బమ్‌లో (దానికి పేరే పెట్టలేదు, అందుకే అందరూ ఫోర్ అంటారు) చివరి పాట ఉందే, దానికి హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళాలో మెట్ల కింద హాల్లో డ్రమ్స్ పెట్టి, పై నుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. ఆ బరువు అక్కడి నుంచి వచ్చింది. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద డప్పుల మధ్యలో ఇరుక్కుని, ఇంటికి పోవాలనిపించక అక్కడే నిలబడిపోయిన అనుభవం మీకుంటే జెప్లిన్ మీ బ్యాండ్. ఇంకో పరీక్ష కూడా ఉంది. కశ్మీర్ పేరుతో వాళ్లకో పొడుగు పాట ఉంది, అది రాసేనాటికి కశ్మీర్ మొహం కూడా చూడలేదు, మొరాకో దక్షిణాన ఎడారి రోడ్డు మీద పోతుంటే పుట్టిన మాటలవి. అందులో డ్రమ్స్ నాలుగు లెక్కతో నడుస్తుంటాయి, గిటారు మూడు లెక్కతో. రెండూ విడిపోతున్నట్టే ఉండి పన్నెండు దగ్గర మళ్లీ కలుస్తాయి. తాళం వేస్తూ కచేరీ విన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ వివరించక్కర్లేదు, చెయ్యి దానంతటదే లెక్కపెడుతుంది.

జెప్లిన్‌లో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. పాత బ్లూస్ వాళ్ల దగ్గర తీసుకుని పేరు వెయ్యకపోవడం. బ్లూస్ పాటల రచయిత విల్లీ డిక్సన్ "హోల్ లాటా లవ్" అనే పాట మీద 1985లో కేసు వేశాడు, కోర్టు బయట రాజీ అయింది, ఆ తర్వాత ఆయన పేరు ఆ పాట మీదికి వచ్చింది. అయితే అందరికీ తెలిసిన ఆ మెట్ల పాట, "స్టెయిర్‌వే టు హెవెన్" మీద నడిచిన కేసు మాత్రం 2020లో జెప్లిన్ వైపే తేలింది. మన సినిమా పాటల "ఇన్‌స్పిరేషన్" గొడవలు చూసి చూసి ఉన్నవాళ్లం, మనకిది కొత్తగా అనిపించదు, కానీ తెలిసి వినడం మంచిది.

డీప్ పర్పుల్ దారి వేరు. అది కచేరీ బ్యాండ్. స్టూడియో ఆల్బమ్ కాదు, లైవ్ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. 1972 ఆగస్టులో ఒసాకాలో, టోక్యోలో మూడు రాత్రులు వాయించింది కలిపి "మేడ్ ఇన్ జపాన్" అని వేశారు. అందులో గాయకుడు ఇయాన్ గిలన్‌కి, గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌కి మధ్య సవాల్ జవాబ్ నడుస్తుంది. గిటారు ఒక ముక్క పలికితే గొంతు అదే ముక్క పలుకుతుంది, గిటారు ఇంకో మెట్టు ఎక్కితే గొంతూ ఎక్కుతుంది. మన దగ్గర గాత్రానికి వయొలిన్ జవాబు చెప్పినట్టే, కాకపోతే ఇక్కడ వయొలిన్ ముందు, గాత్రం వెనక. జాన్ లార్డ్ అయితే చర్చిలో మోగాల్సిన హామండ్ ఆర్గన్‌ని గిటారు యాంప్‌లోకి (శబ్దం పెంచే పెట్టెలోకి) దూర్చి గొంతు చించుకునేలా చేశాడు. డ్రమ్స్ ఒంటరిగా వాయించే ముక్క కూడా ఉంది, తని ఆవర్తనం దగ్గర టీకి లేచిపోయే అలవాటున్నవాళ్లు దాన్ని దాటేయొచ్చు, నేనేమీ అనుకోను.

ఈ ఆల్బమ్‌తో నాకో బాకీ ఉంది. మా రోజుల్లో ఖాళీ క్యాసెట్ తీసుకెళ్లి ఇస్తే రికార్డింగ్ షాపువాడు ఆల్బమ్ ఎక్కించి ఇచ్చేవాడు, 90 నిమిషాల క్యాసెట్, వైపుకి 45. మామూలు ఎల్పీ రికార్డు ఒకటి ఒక వైపు చక్కగా పట్టేది, ఎందుకంటే ఎల్పీకే వైపుకి ఇరవై ఇరవై రెండు నిమిషాలు దాటితే శబ్దం పలచబడుతుందని అందరూ నలభై నిమిషాల చుట్టే ఆల్బమ్ చేసేవాళ్లు. కానీ ఇది రెండు రికార్డుల డబుల్ ఆల్బమ్. షాపువాడు లెక్క చూసుకోలేదు. సరిగ్గా ఆ సవాల్ జవాబ్ పాకానికి వచ్చి, గిలన్ గొంతు ఆకాశానికి ఎక్కుతుండగా టేపు అయిపోయి టక్‌మని ఆగేది. తిప్పి పెడితే రెండో వైపు తర్వాతి పాట. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారో నాకు ఉద్యోగం వచ్చి సీడీ కొనుక్కున్నాక గానీ తెలియలేదు. ఇప్పటికీ ఆ పాట వింటుంటే అక్కడికి రాగానే నా చెయ్యి ప్లేయర్ వైపు వెళ్తుంది.

కాబట్టి నా ఓటు పర్పుల్‌కే, అందులో న్యాయం ఎంతో అభిమానం ఎంతో మీరే చూసుకోండి. డప్పు చెవి అయితే జెప్లిన్, కచేరీ చెవి అయితే పర్పుల్.

ఫ్లాయిడా, క్వీనా

ఇక్కడ చెవితో పాటు ఇంగ్లీషు కూడా లెక్కలోకి వస్తుంది. పింక్ ఫ్లాయిడ్ పాటల్లో సగం సంగతి మాటల్లో ఉంటుంది. డబ్బు, వయసు, పరుగు, పిచ్చి, చావు. అవి పట్టకపోతే మిగిలేది నెమ్మదిగా సాగే గిటారు, గడియారాల మోత, ఎవరో నవ్వుతున్న శబ్దం. బాగానే ఉంటుంది గానీ నిద్రొస్తుంది. క్వీన్‌కి మాటలు అర్థం కానక్కర్లేదు. గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఏమంటున్నాడో ఒక్క ముక్క తెలియకుండా మా అమ్మ వంటింట్లో ఆయనతో కలిసి హమ్ చేసేది.

ఫ్రెడ్డీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా, పార్సీ కుటుంబం, జంజిబార్‌లో పుట్టి మన పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదివాడు. ఈ సంగతి చెప్పగానే "అయితే మనోడే" అని అందరూ ఛాతీ విరుస్తారు, మావాడు కూడా అన్నాడు. అంత తొందర వద్దు, ఆయన ఆ సంగతి పెద్దగా చెప్పుకున్నవాడు కాదు. కానీ గొంతుల మీద గొంతులు పేర్చి చిన్నపాటి సేనలా వినిపించే క్వీన్ కోరస్ మనవాళ్లకు వెంటనే పట్టడానికి కారణం ఉంది, సినిమా కోరస్‌లకు అలవాటు పడ్డ చెవి మనది. ఆ కోరస్ అంతా చాలావరకు ముగ్గురే, మెర్క్యురీ, బ్రయన్ మే, రోజర్ టేలర్, మళ్లీ మళ్లీ పాడి టేపు మీద టేపు ఎక్కించారు. బ్రయన్ మే గిటారు గురించి కూడా చెప్పాలి, కుర్రాడిగా ఉన్నప్పుడు తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్నాడు, మెడకు వాడిన చెక్క పాత ఫైర్‌ప్లేస్‌ది. ప్లెక్ట్రమ్ (తీగలు మీటే బిళ్ల) బదులు ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు. 2007లో ఆస్ట్రోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ కూడా పూర్తి చేశాడు. ఈ చివరి ముక్క మా అక్కకి చెప్పాను, కొడుకు గిటారు కొంటానంటే అడ్డుపడకుండా.

ఎలా వినాలన్నది కూడా వేరు. క్వీన్‌కి గ్రేటెస్ట్ హిట్స్ చాలు, 1981లో వచ్చిన ఆ సంకలనం బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్, ఊరికే కాదు. వీలైతే 1985 జులై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ కచేరీలో వాళ్లు వాయించిన ఇరవై నిమిషాల వీడియో చూడండి, జనం చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఒక్క మనిషి చేత్తో నడిపించాడు. ఫ్లాయిడ్‌కి మాత్రం హిట్స్ ఆల్బమ్ అంటే పాయసంలో జీడిపప్పులు ఏరుకుని తినడమే. మావాడి టీషర్టు బొమ్మ ఉన్న ఆల్బమే తీసుకోండి, 1973 నాటి "డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్". 1988 లోపే అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 741 వారాలు ఉంది. (ఆ బొమ్మలో రంగులు లెక్కపెట్టండి, ఏడు కాదు ఆరే. మావాడు లెక్కపెట్టి కోఠీ షాపువాడు మోసం చేశాడనుకున్నాడు, అసలు అట్ట మీద కూడా ఆరే.) నిడివి 43 నిమిషాలు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి కళ్లు మూసుకుంటే ఎల్బీ నగర్ రాకముందే అయిపోతుంది. షఫుల్ తీసెయ్యండి, క్రాస్‌ఫేడ్ (యాప్ తనే పాటల కొసలు కలిపెయ్యడం) ఆపెయ్యండి, ఒక పాటలోంచి ఇంకో పాట పుడుతుంది అందులో, యాప్ దాన్ని కత్తిరిస్తే వినడం దండగ. యాడ్స్ వచ్చే ఫ్రీ అకౌంట్‌లో అయితే వద్దే వద్దు. ఆ గడియారాలన్నీ ఒక్కసారి మోగి ఆగగానే బిర్యానీ డిస్కౌంట్ అని ఒకమ్మాయి అరుస్తుంది.

తలుపేసుకుని ఒంటరిగా వినేవాళ్లు ఫ్లాయిడ్, నలుగురు ఉన్న గదిలో వినేవాళ్లు క్వీన్. హాస్టల్‌లో నలుగురు ఉంటారు కాబట్టి వాడికి క్వీన్ చెప్పాను. వాడు మొహం ముడుచుకున్నాడు, టీషర్టు ఉందిగా మరి.

బరువు కావాలంటే

మెటల్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ముందు రెండు తలుపులు. బ్లాక్ సబ్బత్, ఏసీ/డీసీ. (ఏసీ/డీసీ మెటల్ కాదని కొందరు గొడవకొస్తారు. నిజమే, కాదు. అయినా తలుపు తలుపే.)

ఏసీ/డీసీ గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. ఆస్ట్రేలియాలో 1973లో మొదలైంది, యాభై ఏళ్లుగా దాదాపు ఒకే పాటను వేరే వేరే పేర్లతో చేస్తోంది, ఎవరికీ విసుగు రాదు. మూడు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు), సూటి దెబ్బ, స్కూలు నిక్కరు వేసుకున్న గిటారిస్టు. "బ్యాక్ ఇన్ బ్లాక్" పెట్టండి, పెద్ద స్పీకర్‌లో పెట్టండి, అంతే.

సబ్బత్ దగ్గర ఆగాలి. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీ ఊరి కుర్రాళ్లు. గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో, అదీ ఉద్యోగం ఆఖరి రోజున, మిషన్ కింద కుడి చేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమ చేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పలచటి తీగలు వేసుకున్నాడు, తర్వాత తర్వాత వేళ్లకు బరువు తగ్గాలని తీగలు వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. ఆ దించిన శ్రుతిలోంచి వచ్చిన బరువైన గుర్రుమనే శబ్దాన్నే ఆ తర్వాత పుట్టిన మెటల్ బ్యాండ్‌లన్నీ పట్టుకున్నాయి. మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది, శుక్రవారం. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన "పారనాయిడ్"తో మొదలుపెట్టండి.

ఇంకో తలుపు నాకే పర్సనల్‌గా ఇష్టం, ఐరన్ మెయిడెన్. వీళ్లు కథలు చెప్తారు. బుర్రకథ విన్నవాళ్లకు చటుక్కున పడుతుంది. యుద్ధాలు, ఈజిప్టు రాజులు, ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ రాసిన ముసలి నావికుడి పద్యాన్ని 1984లో పదమూడు నిమిషాలకు పైగా పాట చేశారు. మధ్యలో కథకుడు ఆపుతాడు, పక్క వాద్యాలు గుర్రాల్లా పరిగెడతాయి, మళ్లీ కథ. స్టీవ్ హారిస్ బేస్ వింటే "తందాన తాన" అనకుండా ఉండటం కష్టం. ఇంగ్లీషు సాహిత్యం చదివే పిల్లలుంటే వాళ్లకు మొదట ఇదే ఇవ్వండి, సిలబస్ కూడా అయిపోతుంది.

లైవ్‌కి వెళ్లాలా, ఎవరికి

ఇక్కడే వార్తల సంగతి వస్తుంది, ఎందుకంటే ఈ మధ్య పాత బ్యాండ్‌ల నుంచి మూడు రకాల కబుర్లే వస్తున్నాయి, వీడ్కోలు, పునఃకలయిక, చావు. ఒకోసారి మూడూ ఒకే నెలలో. 2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో సబ్బత్ అసలు నలుగురు ఇరవై ఏళ్ల తర్వాత కలిసి వాయించారు, ఆజీ ఆస్‌బోర్న్ సింహాసనం మీద కూర్చునే పాడాడు, నిలబడలేక. పదిహేడు రోజులకు, 22న, పోయాడు. సరిగ్గా ఆ కచేరీకి ముందు రోజే, జులై 4న, కార్డిఫ్‌లో ఒయాసిస్ బ్యాండ్ అన్నదమ్ములు పదహారేళ్ల అలక మాని ఒకే స్టేజీ ఎక్కారు. టికెట్ల అమ్మకం రోజున క్యూలో ఉండగానే ధర పెరిగిపోయిందని అభిమానులు మండిపడ్డారు. మనకు క్యాబ్ సర్జ్ అలవాటే కాబట్టి అర్థమవుతుంది, కాకపోతే క్యాబ్‌కి ఇరవై ఏళ్ల ప్రేమ ఉండదు.

ఏ టికెట్‌కి డబ్బు పెట్టాలి? నా లెక్క ఒకటే ప్రశ్న. ఆ బ్యాండ్‌లోంచి ఎవరు పోతే బ్యాండ్ పోయినట్టు? 1980లో రెండు బ్యాండ్‌లకు ఒకే దెబ్బ తగిలింది. ఫిబ్రవరిలో ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ పోయాడు, సెప్టెంబరులో జెప్లిన్ డ్రమ్మర్ బోనమ్ పోయాడు. ఏసీ/డీసీ వాళ్లు బ్రయన్ జాన్సన్‌ని తెచ్చుకుని ఐదు నెలల్లో, జులై 25న, నల్ల అట్టతో "బ్యాక్ ఇన్ బ్లాక్" తెచ్చారు, అదే వాళ్ల అతి పెద్ద ఆల్బమ్ అయింది. జెప్లిన్ వాళ్లు డిసెంబరులో ఇక మేము లేమని చెప్పేశారు. 2007లో లండన్‌లో ఒక్క రాత్రి వాయించారు, డ్రమ్స్ మీద బోనమ్ కొడుకు జేసన్. ఇద్దరూ సరైన పనే చేశారంటాను. ఏసీ/డీసీ పాట గిటారు మీద నిలబడింది, గిటారు ఉంది కాబట్టి నిలిచింది. జెప్లిన్ డ్రమ్స్ మీద నిలబడింది.

ఈ లెక్క పెట్టుకుంటే మిగతావి తేలిగ్గా తేలిపోతాయి. ఆడమ్ లాంబర్ట్ గాయకుడిగా తిరిగిన క్వీన్? గొంతు పోయింది, బ్రయన్ మే గిటారు ఉంది. టికెట్ ఎవరైనా బహుమతిగా ఇస్తే వెళ్తాను, నేను కొనను. పర్పుల్? మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా ప్రతి లైనప్‌లో ఉన్నది డ్రమ్మర్ ఇయాన్ పేస్ ఒక్కడే, కానీ గిలన్, రోజర్ గ్లోవర్ ఉన్నారు, 2024లో కూడా కొత్త ఆల్బమ్ వేశారు, వెళ్తాను. రష్ బ్యాండ్ వాళ్లు 2015లో టూర్లు ఆపేశారు, 2020లో డ్రమ్మర్ నీల్ పియర్ట్ పోయాడు, మళ్లీ 2026 టూర్ అని 2025 అక్టోబరులో ప్రకటించారు, డ్రమ్స్ మీద ఆనికా నిల్లెస్. నా లెక్క ప్రకారం డ్రమ్మరే ఆ బ్యాండ్, కాబట్టి వెళ్లకూడదు, అయినా చాన్స్ వస్తే వెళ్తాను. లెక్క అన్నాను గానీ శిలాశాసనం అనలేదు. లింకిన్ పార్క్ కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి నన్ను అడగొద్దు, అది మావాడి తరం గొడవ, వాడూ వాడి రూమ్మేటూ దాని మీద రెండు రోజులు మాట్లాడుకోలేదట. విని మనసు నిండింది. మా పర్పుల్ జెప్లిన్ గొడవలు గుర్తొచ్చాయి.

హైదరాబాద్‌కి ఇలాంటివాళ్లు రావడం అరుదే. బ్రయన్ ఆడమ్స్ 2024 డిసెంబరులో వచ్చాడు, ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. గట్టి రాక్ కావాలంటే బెంగళూరో ముంబయో రైలెక్కాల్సిందే. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ కోసం కాచిగూడలో రాత్రి బండెక్కి వెళ్లాను, తిరుగు ప్రయాణంలో చెవుల్లో గుయ్‌మనే మోతకి టీసీ అడిగింది వినపడలేదు. 2011 అక్టోబరులో మెటాలికా గుర్‌గావ్ షో జరగాల్సిన రోజే ఆగిపోయింది, జనం స్టేజీ విరగ్గొట్టారు, రెండు రోజులకు బెంగళూరులో మాత్రం వాయించారు. అందుకే చెప్పేది, షో టికెట్ ముందు కొనండి కానీ ఫ్లైట్ మాత్రం క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే కొనండి, రైలయితే ఇంకా మంచిది. ఇంకోటి, బ్లాకులో కొనకండి. ఒకసారి ఒకడి దగ్గర రెట్టింపు ధరకి కొంటే గేటు దగ్గర ఆ కోడ్ అప్పటికే ఎవరో వాడేసి ఉన్నారు, గోడ బయట నిలబడి రెండు గంటలు విన్నాను. సౌండ్ బాగానే వచ్చింది, అది వేరే సంగతి.

టికెట్ డబ్బులు లేవనుకునేవాళ్లకు ఒక మాట. అదే డబ్బుతో మంచి వైరున్న ఇయర్‌ఫోన్స్ కొనుక్కోండి. బ్లూటూత్ తప్పని కాదు, చార్జింగ్ అయిపోయి పర్పుల్ మధ్యలో ఆగితే ఆ బాధ నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. వినైల్ రికార్డులు ఇప్పుడు ఫ్యాషన్, బాగుంటాయి, కానీ ప్లేయర్ కొని, సూది కొని, దుమ్ము తుడిచే బ్రష్ కొనేసరికి మూడు బ్యాండ్‌లు వినే ఓపిక అయిపోతుంది. మొదటి ఏడాది స్ట్రీమింగ్ చాలు. ఒకే ఆల్బమ్‌కి నాలుగు వెర్షన్‌లు కనిపిస్తే ఎక్కువ పాటలున్న డీలక్స్ వద్దు, అసలు ఎల్పీలో ఎన్ని పాటలున్నాయో అన్నే ఉన్నది వినండి. మిగతావి అప్పట్లో వాళ్లే పక్కన పెట్టినవి, చాలావరకు పక్కన పెట్టడానికి కారణం ఉంది.

ఒక కొత్త సంగతి మాత్రం బీటిల్స్‌ని పక్కన పెట్టానన్న మాట తప్పి చెప్తాను. 2023 నవంబరులో వాళ్ల చివరి పాట వచ్చింది, లెనన్ ఇంట్లో పియానోతో పాడుకున్న పాత క్యాసెట్‌లోంచి ఆయన గొంతును మాత్రం కంప్యూటర్‌తో విడదీసి. అది 2025లో గ్రామీ కూడా గెలిచింది. ఏఐ పాట అని అందరూ తిట్టారు, కానీ అందులో ఏఐ పాడలేదు, పియానో మోతని తుడిచింది అంతే. గొంతు ఆయనదే. పోయిన గాయకుడి గొంతుని తయారుచేసి కొత్త పాట పాడిస్తే అది వేరే సంగతి, అక్కడ నేను కూడా తిట్టేవాళ్ల వైపే. ఈ తేడా తెలియకుండా రెండిటినీ ఒకే గాటన కట్టడం ఎక్కువైంది.

ఇక మావాడి సంగతి. క్వీన్‌తో మొదలుపెట్టమన్నానా, రెండు రోజులు విన్నాడు, హాస్టల్ గదిలో అందరూ పాడుకున్నారట. మూడో రోజు నా మాట కాదని సబ్బత్ పెట్టాడు, వేళ్ల కథ వాడిని పట్టేసింది. పదో రోజు రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేశాడు. "మామా, ఆ పర్పుల్ ఆల్బమ్ ఇప్పుడే అయింది. నీ క్యాసెట్ ఏడ ఆగిపోయిందన్నవ్?" చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. "అగో, గాడ ఎట్ల ఆపిండు మామా వాడు" అన్నాడు, షాపువాణ్ణి తిట్టుకుంటూ.

ఆ క్యాసెట్ ఇంకా నా దగ్గరే ఉంది, చూపించమన్నాడు. ప్లేయర్‌లో రబ్బరు బెల్టు సాగిపోయి పాట ముసలాడి నడకలా నడుస్తోంది. ఆబిడ్స్‌లోనో జగదీశ్ మార్కెట్‌లోనో పాత వాక్‌మన్ బెల్టులు ఎవరి దగ్గరైనా కనిపిస్తే కాస్త చెప్పండి.